దవడ పన్నుకు ఒడిబియ్యం

నిహారిక మహా మొండిఘటం. ఎల్లారెడ్డి దగ్గర మంగవ్వ అనే ముసలామె తన పొలం చదును చేస్తుంటే, ఊరంతా రాకాసి గుడి అని పిలిచే పాతకాలపు సమాధిలోంచి మనిషి దవడ బయటపడిందని విన్నదే ఆలస్యం, కామారెడ్డి నుంచి మొదటి బస్సుకే వచ్చి గట్టు మీద కూలబడింది. పురాతన మనుషుల పళ్లను పరిశీలించడమే ఆమె పని. తీరా చూస్తే దవడ మంగవ్వ కొంగులో మూట కట్టి ఉంది. మంజీరలో కలిపేస్తానని ముసలామె పట్టు.

"ఒక్క పన్నియ్యి అవ్వా, చాలు."

"సచ్చినోళ్లను సతాయించుడు ఏం సదువు బిడ్డా? ఎండ ముదురుతుంది, ఇంటికి పో."

నిహారిక కదిలితేనా! మధ్యాహ్నం మంగవ్వే జాలిపడి జొన్నరొట్టె పెట్టింది. తింటూనే మళ్లీ అదే పాట.

"చిన్నప్పుడు తాగిన నీళ్ల గుర్తు పన్ను పైపొరల ఉండిపోతది అవ్వా. ఈడ పెరిగిన మనిషా, వేరే దిక్కు నుంచి వచ్చిన మనిషా అదే చెప్తది."

మంగవ్వ నమలడం ఆపింది. "నేను మా పుట్టినూరు జుక్కల్‌ల పెరిగిన. పెండ్లయి ఈడికొచ్చి నలభై ఏండ్లాయె. నా పన్ను ఇంకా ఆ నీళ్లనే యాదికుంచుకున్నదా?"

"ఉంచుకున్నది."

ముసలామె చేతిలో రొట్టె పక్కన పెట్టింది. తర్వాత మూట విప్పి ఒక దవడ పన్ను ఊడదీసి ఇచ్చింది.

"మల్ల తెచ్చి నా చేతుల పెట్టాలె. అందాక గీ గుడి రాళ్లను ఎవడు ముట్టుకుంటడో నేను జూస్త."

మొదటి ల్యాబు, పన్ను బాగా పాడైంది, ఏమీ తేలదని తిప్పి పంపింది. నిహారిక వింటుందా? ఇంకో ల్యాబు తలుపు తట్టింది, అక్కడా తిప్పితే మూడోది. ఏడాది తిరిగేసరికి ఫలితంతో, పన్నుతో ఎల్లారెడ్డిలో దిగింది. మంగవ్వ అన్న మాట నిలుపుకుంది. సమాధి చుట్టూ నాగలి సోకలేదు.

"ఆడమనిషి అవ్వా. ఈ నేల నీళ్లు తాగి పెరగలేదు. ఏ ఊరో చెప్పలేం గానీ దూరం నుంచే వచ్చింది."

పరీక్ష కోసం పన్నులో తొలిచిన చిన్న రంధ్రాన్ని మంగవ్వ వేలితో తడిమి, ఇంట్లోకి పోయి పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ పట్టుకొచ్చింది.

"పుట్టింటోళ్లు ఒక్కసారన్న వచ్చి ఈమె కొంగుల ఒడిబియ్యం పోసిర్రో లేదో. నాకే పోసి పన్నెండేండ్లాయె."

ఇద్దరూ దవడను, పన్నును మళ్లీ ఆ సమాధి గుంటలోనే పెట్టి మట్టి కప్పారు. దాని మీద రవికె గుడ్డ పరిచి దోసిళ్లతో బియ్యం పోశారు. చివరి దోసిలి పట్టుకుని నిహారిక మంగవ్వ వైపు తిరిగింది.

"కొంగు పట్టు."

"నాకెందుకే?"

"పట్టేదాక ఈడికెల్లి కదల."

ఆ మొండితనం మంగవ్వకు తెలియనిది కాదు. కళ్లు తుడుచుకుని కొంగు చాచింది.