బిక్షం పెట్టిన నడుంనొప్పి

శ్రవణ్‌కుమార్ మంచమెక్కి నలభై ఆరు దినాలైనంక వాళ్లమ్మ లక్ష్మీనర్సమ్మ ఇగ ఆగలేక తమ్ముడు బిక్షానికి ఫోన్ జేసింది.

బిక్షానికి నార్కట్‌పల్లి చౌరస్త కాడ చాయ డబ్బ. చదివింది ఏడో తరగతి, అది గూడ సగమే. పరాశికాలల్ల మాత్రం ఆయినెను మించినోడు ఆ రోడ్డు మీద లేడు. ఆ పొద్దు గూడ నల్లగొండ బస్సు యాడ ఆగుతదని అడిగిన ఒక లగ్గం గుంపును "గదే, ఉర్కుండ్రి" అని సూర్యాపేట బస్సు ఎక్కిచ్చిండు. బస్సు కదిలేటప్పుడు మల్ల ఆయినెనే ఉర్కి అందర్ని దించిండు. దించినంక అందరికి పుకట్ల చాయ పోసిండు. ఆయినె తరీక గంతే. మనిషిని జర ఏడిపియ్యాలె, ఎన్కనే నవ్వియ్యాలె.

"ఏందక్కా, అల్లుడు లేసిండా, లేకుంటె మంచానికి వేర్లు వుట్టినయా?" అన్నడు ఫోన్ల.

అక్క నవ్వలే.

"తమ్మీ, మొన్న వాడు ఒక మాటడిగిండురా."

"ఏమని?"

"నేను లేకుంటె నీకు ఒక తల్లె కడిగే పని తప్పుతది గదమ్మా అని. నవ్వుకుంటనే అడిగిండు. అప్పటిసంది సగం బువ్వే తింటుండు. దినాం జర జర తగ్గిస్తుండు. నాకు భయమైతాంది తమ్మీ."

పొయ్యి మీద చాయ పొంగి కింద వోయింది. బిక్షం డబ్బకు తాళమేసి, చౌటుప్పల్‌ల బస్సు మారి, పొద్దు గూకకముందే పోచంపల్లిల దిగిండు.

అక్కోళ్లది ఒకటే పెద్ద అర్ర. నడిమిట్ల గుంత దీసి మగ్గం. ఆ గుంతల కాళ్లు వెట్టుకొని బావ ఐలేశం నేస్తడు. కిటికి కాడ ఆసు. సగం చంద్రుని లెక్క మేకులు గొట్టిన చెక్క అది. రంగులద్దక ముందు దారాన్ని ఆ మేకుల సుట్టు ఒక్కొక్క పోగు తిప్పాలె. అక్క కుడిచెయ్యి పొద్దంత గా మేకుల కాడికి పోతది, వస్తది. ఇప్పుడు మిషన్లు వచ్చినయి గని, అక్కకు చేతితోనే అలవాటు. ఇగ ఆ మూలకు మంచం. మంచం మీద శ్రవణ్.

వాడు చెడిపోయిన పోరడు గాదు. అదే పరేషాన్. డిగ్రీ చదివిండు. అయిదేండ్లు హైదరాబాద్‌ల కోచింగ్‌లని తిరిగిండు. ఒకపాలి రెండు మార్కులల్ల పోయింది, ఒకపాలి పరీక్షనే రద్దయింది. ఆఖరుకు పార్సళ్ల గోదాంల ఎనిమిది నెలలు డబ్బాలు మోసిండు. ఒకనాడు సంచి పట్టుకొని ఇంటికొచ్చి, సంచి మూలకు వెట్టి, "అమ్మా, ఇగ నేను పని చెయ్య, చదువ. ఎవ్వల మీద కోపం లేదు" అని పండుకున్నడు. బయటికి వోవాలంటె లేస్తడు, వచ్చి మల్ల పండుకుంటడు.

"అల్లుడా, ఈ మంచానికి కిరాయి కడుతున్నవారా?" అన్నడు బిక్షం లోపటికొస్తనే.

"దా మామా, కూసో." జరిగి జాగ ఇచ్చిండు. బొక్కలు తేలినయి వాని మెడ కాడ.

"ఎవలన్న పోరి మోసం జేసిందా?"

"లే."

"మరేందిరా?"

"మామా, చదువమంటె చదివిన. మోయమంటె మోసిన. మగ్గమెక్కిన ఒకపాలి, నాయినె దించి నాకొచ్చిన నడుము నీకొద్దు పో అన్నడు. నా ముప్పై ఏండ్లల్ల నేను సొంతంగ అనుకున్నది గిదొక్కటే."

"పండుకునుడా?"

"ఊకె ఉండుడు."

"ఊకె ఉండనీకి గూడ బువ్వ గావాలె గదరా పిచ్చోడా."

"అందుకే తగ్గిస్తున్న గద మామా."

గా మాట వాడు చాయల షక్కర తక్వేసుకుంట అన్నట్లు అన్నడు. బిక్షం మంచం మీదికెల్లి లేసిండు.

ఇంటెన్క రంగు గాబుల కాడ బావను పట్టుకున్నడు. ఐలేశం మాట్లాడుడు మస్తు తక్వ. దినానికి పది మాటలు మాట్లాడితె అండ్ల ఆరు బీడీ అడుగనీకె.

"బావా, నువ్వు రేపటిసంది పండుకో."

ఐలేశం సూసిండు.

"నడుము పట్టిందని ఒర్రు. మగ్గానికి ఎక్కిచ్చిన పడుగు దారాల మీద ఇంక నాలుగు చీరలు నేసేదున్నది. మగ్గం సప్పుడు ఆగితె నేతగాని కొడుకు ఎన్ని దినాలు పండుకుంటడో సూద్దాం. రెండో దినం గుంతల దిగకపోతె నా పేరు మార్చుకుంట."

"అబద్ధమా?" అన్నడు ఐలేశం.

"నీకు నడుంనొప్పంటె ఎవడు నమ్మడు బావా? నలభై ఏండ్లు గుంతల వంగి కూసున్నోనివి. ఇంతకంటె అచ్చమైన అబద్ధం నాకు ఈ జన్మల దొరకదు."

తెల్లారి ఐలేశం మగ్గం కాడ "అమ్మా" అని కూలవడ్డడు. బిక్షం ఉర్కివోయి పట్టుకున్నడు. నడుముకు పాత చీర గట్టి, నొప్పుల మందు ఇల్లంత గుప్పుమనేటట్లు రుద్దిండు. శ్రవణ్ మంచం పక్కకే సాప పరిచి పండవెట్టిండు. అక్కకు ముందే చెప్పిండు గనుక ఆమె గూడ కొంగు నోటికి అడ్డం వెట్టుకొని తన వంతు జేసింది. శ్రవణ్‌కు అన్నదమ్ములెవ్వలు లేరు గదా, ఇగ వాడే లెవ్వాలె.

శ్రవణ్ తల తిప్పి సూసిండు.

"నాయినా, మోకాళ్ల కింద దుప్పటి మడిచి వెట్టుకో. నడుముకు సుకంగుంటది" అన్నడు. మల్ల గోడ దిక్కు తిరిగిండు.

మొదటి దినం గట్లనే వోయింది. రెండో దినం ఐలేశం మూలిగిండు, బిక్షం సైగ జేస్తె జర గట్టిగ మూలిగిండు. మూడో దినం మూలుగుడు తగ్గింది. నాలుగో దినం మూలుగనే లే.

నాలుగో దినం శ్రవణ్ బయటికి వోయినప్పుడు బిక్షం బావ చెవుల చెప్పిండు. "బావా, గీ మందు పారలే. ఇగ లే. ఇంకోటి ఆలోచన చేద్దాం."

"లెవ్వను."

"నటన చాలు బావా."

"నటన గాదురా." ఐలేశం వాసాల దిక్కు సూసుకుంట మెల్లగ చెప్పిండు. "పగలు గూడ పండుకున్నంక తెల్సింది, నొప్పి ఉన్నదని. ఇన్నేండ్లు కూసునే ఉంటిని, తెల్వలే. కాళ్లు సాపితె ఎన్నుపూసల ఏదో ఇడిసినట్లయి, అప్పుడు సురువైంది. లేస్త అనుకుంటె లెవ్వబుద్ధి అయితలేదు."

బిక్షం అక్క దిక్కు సూసిండు. ఆసు మీద అక్క చెయ్యి ఆగి, మల్ల కదిలింది.

నూలిచ్చి నేయించుకునే షావుకారి జంగయ్య ఐదో దినం వచ్చి గడపల నిలవడ్డడు. పండుకున్న ఇద్దర్ని సూసిండు. చెడ్డోడు గాదు, లగ్గపు చీరలకు మాటిచ్చినోడు.

"ఐతారం దాక సూస్త నర్సమ్మా. గాకుంటె పడుగు కోసుకపోయి వేరే ఇంట్ల అతికిచ్చుకుంట. ఏమనుకోకు."

మగ్గం మీది పడుగు కోసుకపోవుడంటె నేతోళ్ల ఇంట్లకెల్లి పీనుగు లేసినట్లె. ఆసు కాడ అక్క చెయ్యి ఇంక జోరుగ పోబట్టింది.

ఇగ బిక్షం గుంతల దిగిండు. పన్నెండేండ్లప్పుడు నాయిన చేతుల తన్నులు తిని మగ్గం ఇడిసి ఉర్కినోడు, మల్ల దిగిండు. తొక్కుతె కాళ్లు తప్పినయి. అడ్డపోగు నేసే నాడె ఇసిరితె ఎగిరి పొయ్యి కాడ వడ్డది. రంగు దారం నేసేటప్పుడు ఒక్కొక్క పోగు సర్ది, కింది రంగుకు మీది రంగు కలుపాలె. లేకుంటె ఏనుగు బొమ్మ గాడిద బొమ్మైతది.

"మామా," అన్నడు శ్రవణ్ కండ్లు మూసుకొనే. "ఒక దెబ్బకు ఇంకో దెబ్బకు నడుమ జర ఆగాలె. నువ్వు ఆగుతలేవు. పూవు పక్కకు వోయింది సూస్కో."

బిక్షం సూసిండు. వోయింది.

పాణం లేసొచ్చింది ఆయినెకు. సప్పుడుకే తప్పు పట్టిండంటె పోరని లోపట నేతగాడు సావలే. ఇగ పాత బుద్ధి ఆగుతదా. ఇంకింత ఖరాబ్ చేస్తె లేసొచ్చి తనను దొబ్బి కూసుంటడని, కావాలని రెండు పోగులు ఎడమకు గుంజి కొట్టిండు. మల్ల రెండు కొట్టిండు.

"గిది కావాలని చేసినవ్ మామా."

"లేదురా, తల్లి మీద ఒట్టు."

"తెల్వక చేసే తప్పు ఒకతీరుగ ఉండదు. ఇది ఒక్కతీరుగ ఉన్నది. షావుకారి చీరను నాకోసం ఖరాబ్ చెయ్యకు."

గోడ దిక్కు తిరిగిండు. ఆ పూట బువ్వ నాలుగు బుక్కలు తిని తల్లె జరిపిండు. అక్క ఆ తల్లె పట్టుకొని అందరి ముందట నిలవడి, మిగిలిన మెతుకుల్ని సూసింది. ఎంతసేపో సూసింది.

ఐతారం పొద్దుగాల ఆమె పొయ్యి ముట్టియ్యలే. వచ్చి ఆసు ముందట కూసున్నది. చెయ్యి పోయింది, వచ్చింది. పోయింది, వచ్చింది. పోయింది, అక్కడనే నిలిచింది. మేకు కాడ చెయ్యి అట్లనే వెట్టి, అది తన చెయ్యి గానట్లు సూసింది. దారం తెంపలే. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకొని దించింది. బావ పక్కకు వచ్చి కింద కూసున్నది.

"నాకు గూడ జర జాగ ఇయ్యి," అన్నది. పండుకున్నది.

బిక్షం మగ్గం గుంతలనే ఉన్నడు. ముందట ముగ్గురు. నెత్తి దాక మగ్గం, బయట పక్కింటోళ్ల మగ్గం సప్పుడు, ఈ ఇంట్ల సప్పుడు లే. జంగయ్య మనుషులు ఎప్పుడొస్తరో తెల్వదు. ఆయినె జీవితంల ఎన్నో బస్సులు తప్పు ఎక్కిచ్చిండు, అన్నిట్లకెల్లి దించిండు గూడ. గీ బస్సు దించ రాకుంట కదిలిపోయింది. ఏదన్న ఒక మజాక్ మాట ఎతికిండు. దొరకలే. గుంతకెల్లి లేసి వచ్చి మంచం పట్టె మీద కూసున్నడు.

"అల్లుడా, మీ నాయిన నడుంనొప్పి నేను వెట్టిందిరా. నిన్ను లేపనీకె. అది నిజమై కూసున్నది. నన్ను ఏమన్న అను."

"తెలుసు మామా."

"ఏం తెలుసు?"

"మొదటి దినమే తెలుసు. నాయినకు దెబ్బ తగిలితె మూలుగడు. బొటనేలు తెగిననాడు గూడ మూలుగలే. అబద్ధమని తెల్సే పండుకున్న."

"తెల్సి గూడ ఎందుకు లెవ్వలేదురా?"

శ్రవణ్ నాయిన సాప దిక్కు సూసిండు.

"నేను లేస్తె నాయిన లెవ్వాల్సొస్తది గదా. మీ నాటకం అయిపోతది. పట్టపగలు నాయిన పండుకోంగ నేను పుట్టి సూసింది గీ వారమే. నేనేం సుకంగ పండుకున్ననా మామా. ఒక్క చీరకు అమ్మ చెయ్యి తొమ్మిది వేలసార్లు పోతది, వస్తది. గీ మంచం మీద నాకున్న పని గదొక్కటే, లెక్కవెట్టుడు. నా బువ్వకు ఎన్నిసార్లయితయో గూడ లెక్కవెట్టిన. అందుకే తగ్గించిన."

పని చెయ్య అన్నప్పటిసంది వీడు ఎంత పని చేస్తుండు అనిపిచ్చింది బిక్షానికి. "మల్ల ఇప్పుడు?" అన్నడు.

వాడు తలెత్తి కిందికి సూసిండు. అమ్మ కుడిచెయ్యి రొమ్ము మీద పడున్నది. నిద్రల గూడ వేళ్ల సందుల లేని దారాన్ని పట్టుకున్నట్లు ఏలు ఏలు కదులుతాంది.

శ్రవణ్ మంచం దిగిండు. గోడ పట్టుకొని నిలవడ్డడు. అమ్మ పక్కకు కూసొని ఆ చేతిని పట్టుకున్నడు. వేళ్లు కదులుడు ఆగేదాక పట్టుకున్నడు. తర్వాత లేసి పొయ్యి కాడికి వోయిండు.

"మామా, నేను పని సురువు జెయ్యలే. ఊరంత చాటకు."

"మరి గదేందిరా?"

"బువ్వ వండుతున్న."

బియ్యం డబ్బ మూత దీసిండు. అగ్గిపెట్టె యాడున్నదో తెల్వక రెండు అల్మారలు ఎతికిండు. గిలాస చేతుల పట్టుకొని, "తలకొకటి గద, ఎన్ని?" అన్నడు.

చెప్పింది లక్ష్మీనర్సమ్మ. కండ్లు మూసుకొనే, కిందకెల్లి.

"నాలుగు."

వాడు ఒక గిలాస వోసిండు. రెండోది వోసిండు. మూడోది వోసిండు. నాలుగోది ముంచనీకి గిలాస డబ్బల వెట్టి అట్లనే నిలవడ్డడు. ఐలేశం సాప మీద తల తిప్పిండు. పక్కింటి మగ్గం గూడ గప్పుడే ఆగినట్లయింది.

గింజలు గిన్నెల వడ్డ సప్పుడొచ్చింది.

"నిండలే," అన్నది లక్ష్మీనర్సమ్మ, కండ్లు తెరువకుంటనే. "ఇంక వొయ్యి."