సంచీతో సహా

లెక్కల మాస్టారంటే పిల్లలకు ప్రాణం. తెల్లకాగితాలు పంచి, "ప్రశ్నలు కనబడనివాడికి సున్నా" అని ఉత్తుత్తినే బెదిరించే మనిషి. ఆయన క్లాసులో ఎవరికీ కునుకు పట్టదు. అందుకే ఆ మధ్యాహ్నం మూడో బెంచీ పిల్ల తల వాల్చి నిద్రపోతుంటే ఆయనకు చిన్నతనంగా అనిపించింది. పెదవుల మీద వేలుంచి క్లాసును ఊరుకోమన్నాడు. గుమ్మం దాకా నడిచి, ప్యూను గొంతు అనుకరిస్తూ కేకేశాడు.

"మూడో బెంచీ అమ్మాయి ఆఫీసుకి రావాలట! సంచీతో సహా!"

ఆ బడిలో ఒట్టి చేతులతో రమ్మంటే చీవాట్లకో సంతకానికో. సంచీతో సహా రమ్మంటే ఇంట్లో ఎవరో పోయినట్టు. ఆ ఏడాది అలా ఇద్దరు వెళ్లారు.

పిల్ల హడలిపోతుంది, తర్వాత అందరూ పగలబడి నవ్వుతారు. అదీ ఆయన లెక్క. పిల్ల హడలిపోలేదు. పుస్తకాలు ఒక్కొక్కటే సంచీలో సర్దుకుంది. లేచి నిలబడేసరికి బిగుసుకున్న భుజాలు జారాయి. మూట దించిన కూలీకి మల్లే ముఖం తేటపడింది. పెదవుల చివర చిన్న నవ్వు.

"ఊరికే అన్నానే పిచ్చిపిల్లా, కూర్చో!"

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి ఆగిపోయారు. ఆ ముఖం మళ్లీ బిగుసుకోవడం చూడలేక ఆయన బోర్డు వైపు తిరిగాడు.

గంట కొట్టాక ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, నేను నవ్వానా?"

"లేదమ్మా. ఎవరన్నారు?"

"నా పక్కది. 'ఏంటే, పెళ్లికి పిలిచినట్టు లేచావ్' అంది." సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "మా అమ్మ మంచంలోనే ఉంటుంది సార్. రెండేళ్లయింది. రాత్రిళ్లు గంటకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే పుళ్లు పడతాయి. అమ్మంటే నాకిష్టమే సార్."

"తెలుసమ్మా," అన్నాడు. ఏం తెలుసో ఆయనకే తెలియదు.

క్షమించమన్న మాట నాలుక దాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే, ఆ నవ్వు చూశానని ఒప్పుకున్నట్టే. ఇందాక 'లేదమ్మా' అని ఆ దారి కూడా తనే మూసుకున్నాడు.

"నువ్వు నవ్వలేదు. బాగా భయపడితే కొందరి ముఖం అలాగే ఉంటుంది."

ఆ పిల్ల ఆయన కళ్లలోకి చూసింది. మాస్టారు బోర్డు మీద తప్పు చేస్తుంటే, తెలిసీ ఊరుకునే పిల్లల చూపు.

"సరే సార్. అమ్మకి మాత్రం చెప్పకండి."

"చెప్పను."

"నాలుగింటికి మందెయ్యాలి," అని పరుగందుకుంది.