ఏటి అడుగున టేకుచెట్టు

పడవ అడుగున చేరిన నీళ్లను భద్రు సగానికి కోసిన నూనెడబ్బాతో తోడి పోస్తున్నాడు. తోడిన ప్రతిసారీ వెనక్కి చూడకుండానే ఎడమ భుజం మీదుగా విసురుతున్నాడు. గోదావరి మీద మంచు ఇంకా విచ్చలేదు. అవతలి ఒడ్డు కనిపించడం లేదు గాని అక్కడి కుక్క అరుపు మాత్రం పక్కనే ఉన్నట్టు వినిపిస్తోంది.

దుమ్ముగూడేనికి దిగువన ఉన్న ఆ రేవులో పడవ మక్సూద్‌ది, నడిపేది భద్రు. మిరపకాయ కోతలప్పుడు పొద్దున కూలీలను అవతలికి దించాలి, సాయంత్రం తీసుకురావాలి. మధ్యలో ఒకటో రెండో మోటారు సైకిళ్లు, పొలాలకు పోయే మందు డబ్బాలు, ఎప్పుడైనా ఓ మేకల జత.

భద్రు పొట్టి మనిషి. కాళ్లు సన్నం, ఛాతీ మాత్రం ఆ కాళ్లకు సరిపోనంత వెడల్పు. నెత్తి నెరిసినా భుజాలు వాలలేదు. కుడిచెవి వినపడదు కాబట్టి ఎవరు మాట్లాడినా ఎడమచెవి వాళ్లవైపు తిప్పి, మెడ కాస్త వంచి నిలబడతాడు. చూసేవాళ్లకు అది వినయంలా కనిపిస్తుంది. కుడి మోచేతి కింద పచ్చబొట్టులాగా ఒక తెల్లటి మచ్చ ఉంది, చిన్న చిన్న కొమ్మలు వేసినట్టు. పగడం కోసుకున్న గాయం అది. మానిందే గాని రంగు మళ్లీ రాలేదు.

"డీజిల్ సాలుతదా భద్రన్నా?" ఒడ్డున దుకాణం తెరుస్తూ మక్సూద్ అడిగాడు.

భద్రు బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు. బాగుందనడానికి అతనికి అదే గుర్తు. బొటనవేలు పైకెత్తితే నీళ్లలో పనిచేసేవాళ్లకు 'పైకి పోదాం పద' అని అర్థం. ఊరికి తిరిగొచ్చి ఏళ్లయినా ఆ లెక్క మార్చుకోలేకపోయాడు. ఎవరైనా మెచ్చుకుంటూ బొటనవేలు చూపిస్తే ఇప్పటికీ ఒక్క క్షణం పైకి చూస్తాడు.

కూలీలు వచ్చారు. అందరూ ఆడవాళ్లే, తలకు తువ్వాళ్లు, చేతిలో సద్దిగిన్నెలు. వాళ్లలో మంగ్లి కూడా ఉంది. ఆమె భద్రు భార్య. రోజూ మొగుడి పడవలోనే కూలికి పోతుంది. అందరికంటే ముందెక్కి, పడవ ముందు మూలన, అవతలి ఒడ్డువైపు ముఖం పెట్టి కూర్చుంటుంది. ఇంజను దగ్గర నిలబడ్డ భద్రుకు దారి పొడవునా కనిపించేది ఆమె వీపే.

ఆ వీపును అతను చాలా ఏళ్లు చూడలేదు.

పెళ్లయిన కొత్తలో భద్రు గోదావరి లాంచీల మీద పనిచేసేవాడు. ఒక మేస్త్రీ హార్బరు పని ఉందని అండమానుకు తీసుకుపోయాడు. అక్కడ ఒకరోజు నీళ్లలో పడిన ఇనుప గొలుసును భద్రు మునిగి తీసుకురావడం ఒక బోటు యజమాని చూశాడు. మరుసటి వారానికల్లా భద్రు టూరిస్టుల బోటు మీద ఉన్నాడు.

పొద్దున్నే జనం వచ్చేవారు. నారింజ రంగు జాకెట్లు తొడిగించుకుని, ఫోటోలు దిగి, బోటులో కూర్చునేవారు. పగడాల దిబ్బ దగ్గర బోటు ఆపాక భద్రు పని మొదలయ్యేది. కంటి అద్దంలో ఉమ్మి రుద్ది కడిగితే మసక పట్టదని చెబితే అసహ్యించుకునేవారు, పది నిమిషాల తర్వాత వాళ్లే రుద్దేవారు. ముక్కుతో కాదు, నోట్లో గొట్టంతో గాలి పీల్చాలని తనకొచ్చిన హిందీలో చెప్పేవాడు. తర్వాత ఒక్కొక్కరినీ రబ్బరు చక్రం పట్టుకోమని, తాను ఈదుతూ దిబ్బ మీదుగా లాక్కుపోయేవాడు. కింద జింక కొమ్ముల్లాంటి పగడాలు, మనిషి మెదడులా ముడతలు పడ్డ పగడాలు, ఊదారంగు గుబుర్లు. పచ్చటి చేపలు రాతిని కొరుకుతుంటే ఆ శబ్దం నీళ్లలో పటపటమని వినిపించేది. మొదట ప్రతి ఒక్కరూ గబగబా ఊపిరి తీసేవారు. కాసేపటికి గొట్టంలో ఆ శబ్దం నెమ్మదించేది. అది నెమ్మదించిందంటే మనిషి భయం మరిచి చూస్తున్నాడని అర్థం. ఆ మార్పు కోసమే భద్రు చెవి పెట్టుకుని ఉండేవాడు.

ముఖాలు గుర్తుండేవి కావు. అద్దం పెట్టుకున్నాక అందరి ముఖాలూ ఒకటే. చేతులు గుర్తుండేవి. గోరింటాకు పండిన కొత్త పెళ్లికూతురి చెయ్యి, వణుకుతూనే వదలని ఒక ముసలామె చెయ్యి. చూసినంతసేపు చూసి, సాయంత్రానికి వాళ్లంతా వెళ్లిపోయేవారు.

సముద్రం అల్లకల్లోలంగా ఉండే వానాకాలంలో బోట్లు ఆగేవి. అప్పుడు ఇంటికి వచ్చేవాడు, అదీ ఏటేటా కుదిరేది కాదు. ఇక్కడ అప్పుడే నాట్లు, అప్పుడే గోదావరి వరద. కూతురు సంగీత తండ్రిని చూసి తల్లి వెనక దాక్కునేది. బిడ్డను పెంచిందీ, పోడు చేను చేసిందీ, అత్తను సాగనంపిందీ మంగ్లి ఒక్కతే. ఆమె ఎన్నడూ తగువుపడలేదు. మొదట్లో ఒకసారి మాత్రం అడిగింది.

"పగడాలంటే మెడల ఏస్కునేటియే గద. గన్ని ఉన్నకాడ పనిజేస్తవు, ఒక్కటన్న తేకపోతివి."

అవి పూసలు కావని, ప్రాణమున్నవని, ముట్టుకుంటే చస్తాయని, తెస్తే జైల్లో వేస్తారని అతను వివరించాడు. ఆమె అంతా విని "సరే తియ్" అంది. ఆ తర్వాత ఆ సముద్రం గురించి ఇంకెప్పుడూ అడగలేదు. అతనికి చెప్పాలని ఉండేది. అడగని మనిషికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలిసేది కాదు.

ఒక ఎండాకాలం సముద్రం నీళ్లు వేడెక్కి దిబ్బ తెల్లబడిపోయింది. టూరిస్టులు మంచులా ఉందని మురిసిపోయారు. చచ్చిపోతోందని భద్రు వాళ్లకు చెప్పలేదు, అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు ఎందుకులే అనుకున్నాడు. తర్వాత కరోనా వచ్చి బోట్లు ఆగాయి. మునిగీ మునిగీ అప్పటికే కుడిచెవి పోయింది. ఒక కంటి అద్దం, ఒక గొట్టం సంచిలో వేసుకుని విశాఖ ఓడ ఎక్కాడు. తమ తండాలో జనం ఆ రెండూ చూసి నవ్వారు. మంగ్లి నవ్వలేదు. "అది నా మొకానికి ఒద్దు" అని మాత్రం అంది.

ఆ రోజు మధ్యాహ్నం కాకముందే అవతలి ఒడ్డు నుంచి పిలుపు వినిపించింది. భద్రు చెవి తిప్పి విని, పడవ తీశాడు. మంగ్లి ఒక్కతే నిలబడి ఉంది.

"చేను ఒడిసింది. ఆళ్లంత ఇంకో చేనుకు ఆటోల పోయిండ్రు, పొద్దుమీకి ఒస్తరు. నాకు కండ్లు మండుతున్నయి," అంది. చేతులు కూడా మండుతున్నట్టున్నాయి, పడవ ఎక్కగానే రెండూ నీళ్లలో ముంచింది. ఈసారి ముందు మూలకు పోలేదు. ఖాళీ పడవ కదా, ఇంజనుకు దగ్గరలోనే కూర్చుంది.

నడి ఏటికి కాస్త ఇవతల, రాతిపరుపు దగ్గర, భద్రు ఇంజను ఆపి లంగరు దించాడు. మిరప కోతల రోజుల్లో గోదావరి సన్నబడి తేటగా ఉంటుంది. ఎండ అడుగుదాకా దిగుతోంది.

"ఇక్కడెందుకు ఆపినవ్?"

"కింద ఒకటున్నది. వానలొస్తే ఉండది."

"ఏంది?"

"చెట్టు."

మంగ్లి కొంగుతో కళ్లు తుడుచుకుని అతని ముఖంలోకి చూసింది. "చెట్టు చూడనీకి నీళ్లల్ల దిగాల్నా? సుట్టూ అడివే గద."

పోయిన వరదకు ఎగువ అడవిలోంచి కొట్టుకొచ్చిన టేకుచెట్టు అది. రాళ్ల మధ్య చిక్కుకుని కొమ్మలతో సహా అడుగున పడి ఉంది. ఒక కూలీ కాలి కడియం జారిపోతే వెతకడానికి దిగినప్పుడు చూశాడు. కడియం దొరకలేదు. అప్పటి నుంచి పడవ ఖాళీగా ఉన్నప్పుడల్లా దిగి చూసి వస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎడమచెవి ఆమెవైపు తిప్పి, అలాగే కూర్చున్నాడు. మంగ్లి కాసేపు ఆ చెవినీ, దాని వెనక నెరిసిన వెంట్రుకలనూ చూసింది.

"మునిగిపోను గద?"

"నా చెయ్యి ఉంటది."

చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుంది. భద్రు పడవలో ఉన్న లారీ ట్యూబు నీళ్లలో వేశాడు. ఇంజను పక్క సంచిలోంచి కంటి అద్దం, గొట్టం తీసుకుని, చొక్కా విప్పాలని కూడా తోచక తానూ దిగాడు. అద్దంలో ఉమ్మి రుద్దబోయి, ఆమె వైపు చూసి ఆగాడు. "నువ్వే ఉమ్మెయ్యి" అని ఆమె చేతికిచ్చాడు. తన అద్దాన్ని ఎవరికీ అట్లా ఇవ్వలేదు అంతకు ముందు. ఆమె నవ్వాపుకుంటూ ఉమ్మేసి రుద్దింది. పట్టీ వెంట్రుకల్లో చిక్కుకోకుండా అతను సర్దాడు.

ఆమె ట్యూబు ఆసరాగా దిగింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. మంగ్లి వేళ్లు అతని మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. ముఖం నీళ్లలో పెట్టి వెంటనే ఎత్తేసింది, దగ్గింది. "నోటితోని, నోటితోని. నిమ్మలంగ," అన్నాడు. రెండోసారి పెట్టింది. గొట్టంలోంచి ఊపిరి గబగబా వస్తోంది, పోతోంది. భద్రు కాళ్లతో మెల్లగా ఈదుతూ ఆమెను చెట్టు మీదికి లాక్కుపోయాడు. అద్దం ఆమెకు పెట్టాడు కాబట్టి అతనికి కింద ఏమీ సరిగా కనిపించదు. చూడనక్కర్లేదు కూడా. ఇప్పుడు పెద్ద కొమ్మ, దానికి పట్టిన పాచి, గాలికి ఊగినట్టు ఊగుతుంది. ఇప్పుడు గూడులాంటి చోటు, అందులో చిన్నచేపల గుంపు, మనిషి నీడ పడితే ఒక్కసారిగా మెరిసి తిరుగుతుంది. ఇప్పుడు చెట్టు మొదలు, దాని కింద పెద్ద వాలుగ చేప.

గొట్టంలో శబ్దం నెమ్మదించింది.

భద్రు ఈదడం మరిచి తేలుతూ ఉండిపోయాడు. కాసేపటికి మంగ్లి చెయ్యి నీళ్లలోంచి పైకి వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి ఉంది. ఆ గుర్తు ఆమెకు అతను ఎన్నడూ నేర్పలేదు.

ఇవతలి ఒడ్డుకు వచ్చాక ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. భద్రు పడవను గెడకు కట్టి, తడి చొక్కా విప్పి ఆ గెడకే తగిలించాడు.

"ఆడ గిట్లనే ఉంటుండెనా?" మంగ్లి అడిగింది.

"గిట్ల కాదు. రంగులుంటుండె. అవి చెప్పనీకి రాదు." ఆలోచించాడు. "సప్పుడు మాత్రం గిట్లనే."

"అందర్ని గట్లనే చెయ్యి పట్టుకుంటుంటివా?"

"అవ్. భయపడేటోళ్లను."

"నేను భయపళ్లే."

భద్రు మణికట్టు చూపించాడు. గోళ్లు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి. మంగ్లి వాటిని బొటనవేలితో ఒకసారి రుద్దింది. తర్వాత ఇంకా అడిగింది. ఏం తినేవాడివి, ఎక్కడ పడుకునేవాడివి, జరమొస్తే ఎవరు చూసేవాళ్లు. ఆ సముద్రంలో చేపలకు పేర్లున్నాయా. భద్రు ఒక్కొక్కటీ చెప్పాడు. రాతిని కొరికే చేప గురించి చెబుతూ పళ్లు పటపటలాడించి చూపించాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎండ నెత్తి మీది నుంచి పక్కకు జరిగేదాకా చెబుతూనే ఉన్నాడు. అన్ని మాటలు అతను ఒక్కరోజులో మాట్లాడి చాలా కాలమైంది.

"ఒళ్లు సల్లవడ్డది నీకు. ఇంటికి రా, ఉడుకుడుకు గింత తిందువు," అంది లేస్తూ.

"కూలోళ్లను తోలుకరావాలె గద. జర ఒరుగుత. భుజం గుంజుతున్నది."

ఆమె గట్టెక్కి వెనక్కి తిరిగి చూసింది. భద్రు పడవలో, ఇంజను పక్కన, గోనెసంచి పరుచుకుంటున్నాడు. తలెత్తి చెయ్యి ఊపాడు.

పొద్దు వాలుతుండగా అవతలి ఒడ్డున కూలీలు పిలిచారు. కాసేపు పిలిచి, మళ్లీ పిలిచారు. దుకాణంలోంచి మక్సూద్ వచ్చాడు.

"భద్రన్నా, అవుతల పిలుస్తున్నరు."

ఎడమచెవి కిందికి పెట్టి పడుకున్నాడు కాబట్టి వినపడలేదేమో అని మక్సూద్ అనుకున్నాడు. పడవలోకి దిగి పాదం కదిపాడు. తర్వాత పాదం మీద చెయ్యి అలాగే ఉంచి, కాసేపు నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాడు. భద్రు ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, నిద్రపోయినవాడిలాగే ఉన్నాడు.

సంగీత భద్రాచలంలో నర్సు. తండ్రిని సాగనంపిన మర్నాడు, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, తల్లి పక్కన గడప మీద కూర్చుంది. పడవ నడిపేవాడికి ఆ రోజు నీళ్లలో దిగే పనేముందన్న ప్రశ్న రెండు రోజులుగా ఆమెను తొలుస్తోంది.

"గుండె ఆగిపోయిందంటున్నరు. ఆ వయసుల సల్లనీళ్లల్ల ఎందుకు దిగిండమ్మా?"

"నన్ను తీస్కపోయిండు."

"ఏడికి?"

మంగ్లి అరచేతులు చూసుకుంది. మిరప మంట ఎప్పుడో పోయింది. "ఆయన పనిజేసే కాడికి," అంది.

రేవులో వేరే మనిషి పడవ నడుపుతున్నాడు. కూలీలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. పడవ కట్టే గెడకు తగిలించిన చొక్కాను ఎవరూ తీయలేదు. అది ఎప్పుడో ఆరిపోయింది. జేబులో బీడీకట్ట బరువుకు ఒక పక్కకు వాలి, ఏటి మీది గాలికి ఉబ్బి, మళ్లీ నెమ్మదిగా గెడకు ఆనుకుంటోంది.