సభ్యురాలి వృత్తి

నేను దర్జీని. ఇరవై రెండేళ్లుగా కోట్లు, చొక్కాలు, స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన చోట చెప్పలేకపోయాను కాబట్టి.

మా ప్రాంతపు భూవినియోగ ప్రణాళికా సంఘంలో ఏడుగురం సభ్యులం. ఏ నేలలో పంట పండాలి, ఏ నేల మీద ఇళ్లు లేవాలి అని గోడంత మ్యాపు మీద రంగులు వేసి తేల్చే సంఘం అది. ఆకుపచ్చ వేస్తే సాగు, బూడిదరంగు వేస్తే గోదాములు. చదువుకున్నవాళ్ల మధ్య ఒక మామూలు మనిషి ఉండాలని, పైగా దీనికి నోరుందని మా వీధులవాళ్లు నన్ను ఎన్నుకుని పంపారు. అధ్యక్షుడు రిటైరైన కంటి డాక్టరు. ఆయనకు అటో చెయ్యి ఇటో చెయ్యిలా లాయరు, లారీల యజమాని. ఆ ముగ్గురూ ఒక జట్టు. మిగిలింది వంతెనలు కట్టిన ఇంజనీరు, కాలేజీలో భూగోళం చెప్పే లెక్చరరు, రిటైరైన సర్వేయరు, నేను.

సర్వేయరు నాకు అన్నయ్య. రక్తసంబంధమేమీ లేదు. నా కుట్టుకొట్టు పైగదిలో పదకొండేళ్లు అద్దెకున్నాడు. జ్వరమొస్తే గంజి కాచి పైకి పంపాను. అతని కూతురి పెళ్లికి అల్లుడి కోటు కుట్టింది నేనే. మొన్నటిదాకా ‘ఆయన’ అనే అనేదాన్ని. ఇప్పుడు నోరు రావడం లేదు.

ఈ ఏడు సంఘం ముందున్న అసలు తగువు కాలవ అవతలి కూరగాయల నేల. నలభై కుటుంబాలు దాన్నే నమ్ముకున్నాయి. అందులో మా చెల్లెలు ఒకతె. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మడిచెక్క మీదే పెంచుకొస్తోంది. బూడిదరంగు పడిందంటే పరిహారం చేతిలో పెట్టి ఖాళీ చేయిస్తారు. కాలవ నీళ్లున్న నేల మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

మేం లెక్క వేసుకున్నాం. ఆకుపచ్చకి నలుగురం, బూడిదకి ముగ్గురు. “నువ్వేం బెంగపెట్టుకోకే, నేనున్నానుగా” అని చెల్లెలికి ధైర్యం చెప్పాను. తలచుకుంటే ఇప్పుడు తల తీసేసినట్టుంది.

ఓటుకి ఆరు నెలల ముందు, సభ్యుల ఫొటోలు, వృత్తి వివరాలు ఆఫీసు గోడకి తగిలించాలని నిర్ణయించారు. ఎవరి వృత్తి ఏమిటో జనానికి తెలియాలట. అందరి వివరాలూ రాసే పని సర్వేయరుకి అప్పగించారు, అతని దస్తూరీ గుండ్రంగా ముత్యాల్లా ఉంటుందని. ఓ మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని కొట్టుకొచ్చాడు.

“నీది ఏం రాయను చెల్లెమ్మా?”

“ఏముందన్నయ్యా, దర్జీ అని రాయండి.”

అతను పెదవి విరిచాడు. “డాక్టరు, ఇంజనీరు, లాయరు... ఆ వరసలో దర్జీ అంటే చులకనైపోతావు. ఇది భూమి సంగతి చూసే సంఘం. నువ్వు సెలవురోజుల్లో మీ చెల్లెలి పొలంలో పని చేస్తావుగా?”

“ఏదో కలుపు తీస్తాను. దాన్ని సాగంటారా?”

“అనకేం? అబద్ధమా?”

రాసి నా చేతికిచ్చాడు. ‘కాలవ అవతలి భూముల్లో కూరగాయల సాగు. నేలతో చిరకాల అనుబంధం. జీవనాధారం: వ్యవసాయం.’ చదివితే ఆ మనిషెవరో నాకంటే గొప్పగా కనిపించింది. మిషన్ మీద వంగి వంగి నడుం పోయిన ఆడది కాదు, ఎండలో తలెత్తి నిలబడ్డ రైతు. గోడ మీద నా ఫొటో కింద ఆ మాటలు ఎలా ఉంటాయో కూడా ఊహించుకున్నాను. సంతకం పెట్టేశాను.

ఓటు రోజున సమావేశపు గదిలో పెద్ద బల్ల మీద మ్యాపు పరిచారు. కాలవ గీత ఇవతల పెట్టెలో రంగు పెన్సిళ్లు. చర్చ అయిపోయింది. చేతులెత్తడమే తరువాయి అనుకుంటుండగా లాయరు గొంతు సవరించుకున్నాడు.

“ఒక్క చిన్న విషయమండీ. తొమ్మిదో నిబంధన. ఓటుకొచ్చిన నేల మీదే జీవనాధారం ఉన్న సభ్యులు ఆ ఓటులో పాల్గొనరాదు, గదిలో ఉండరాదు.” అంటూ ఫైలు నా వైపు తిప్పాడు. “మీ వివరాల ప్రకారం మీరు బయటికి వెళ్లాలమ్మా.”

“నేను దర్జీనండీ! మీరేసుకున్న కోటు మోచేతికి అతుకు వేసింది నేనేగా!”

లారీల యజమాని ఫక్కున నవ్వాడు. లాయరు నవ్వలేదు. “అయితే ఈ సంతకం పెట్టింది అబద్ధం మీదా? తప్పుడు వివరాలిస్తే సభ్యత్వమే రద్దవుతుంది. ఇప్పుడే. ఎటు చెప్పమంటారు?”

ఎటు చెప్పినా నా చెయ్యి లేవదు. సర్వేయరు వైపు చూశాను. అతను ఆకుపచ్చ పెన్సిలు తీసుకుని, చెక్కడానికేమీ లేకపోయినా చెక్కుతున్నాడు. అప్పుడు ఫైల్లోకి చూశాను. నా వివరాల కాగితానికి ఇంకో చిన్న చీటీ కుట్టి ఉంది. ‘ఈ సభ్యురాలి విషయంలో తొమ్మిదో నిబంధన గమనించగలరు.’ అవే గుండ్రటి అక్షరాలు. కింద తేదీ. నా కొట్టుకొచ్చి నన్ను రైతుని చేసిన రోజుదే.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. లోపల ముగ్గురూ ముగ్గురూ అయ్యారు. సమానమైతే అధ్యక్షుడి మాటే చెల్లుతుంది. కంటి డాక్టరు బూడిదరంగు పెన్సిలు తీసుకున్నాడని చప్పట్లు విని తెలుసుకున్నాను.

అందరికంటే వెనకగా సర్వేయరు వచ్చాడు. తప్పించుకుపోతాడనుకున్నాను. నా పక్కనే కూర్చున్నాడు, అదీ అతని ధైర్యం.

“నేను ఆకుపచ్చకే చెయ్యెత్తాను చెల్లెమ్మా. కావాలంటే లెక్చరర్ని అడుగు.”

“ఆ చీటీ ఎవరు రాశారు?”

“గోదాములొస్తే మా అల్లుడికి మేనేజరు పని ఇస్తామని ఆ ముగ్గురూ అన్నారు. ఏడాదిగా ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు. అమ్మాయి రోజూ ఫోన్లో ఏడుస్తోంది. నన్ను బూడిదకి ఓటెయ్యమన్నారు. నీ ఎదురుగా ఆ చెయ్యెలా ఎత్తను? అది మాత్రం నా వల్ల కాలేదు.”

“నా గొంతు కొయ్యడం మాత్రం వల్లయింది.”

“అలా అనకు...”

“పదకొండేళ్లు నా మెట్లెక్కి దిగావు. నీకు వ్యతిరేకంగా ఓటేశానని మొహం మీద చెప్పుంటే తిట్టిపోసి, సాయంత్రానికి మర్చిపోయేదాన్ని. ఇంకెప్పుడూ నన్ను చెల్లెమ్మా అనకు.”

అతన్ని ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. అతను లేచి, గోడవారగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నేను తిన్నగా కాలవ దాటాను. కబురు నాకంటే ముందే చేరింది. చెల్లెలు టమాటాలు కోస్తోంది. బుట్ట సగం నిండింది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు. జరిగిందంతా చెప్పాను, సర్వేయరుని నోటికొచ్చినన్ని తిట్లు తిట్టాను. అది అంతా వింది.

“రైతునని రాసింది ఆయనేనా?”

“వాడే. నన్ను నిండా ముంచాడు.”

“నువ్వు చదవకుండా సంతకం పెట్టావా?”

ఊ అనొచ్చు. అంటే నమ్మేది కూడా. కానీ ఆ ఒక్క రోజుకి చాలినంత మోసం చూశాను.

“చదివాను. నాలుగుసార్లు చదివాను. బాగుందనిపించింది.”

చెల్లెలు నడుం నిటారుగా చేసుకుని నిలబడింది. గోళ్ల నిండా మట్టి, మోచేతుల దాకా ఆకు పసరు. నన్ను ఎగాదిగా చూసింది, నేనెవరో కొత్తగా పొలంలోకి వచ్చినట్టు.

“అయితే చెప్పు రైతమ్మా,” అంది నవ్వకుండా, “వచ్చే ఏడు ఏం పంట వేద్దాం?”