తలుపు ఊడదీసినవాళ్లు

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ షెడ్డుకు ఒకటే తలుపు. పని మొదలవగానే మేస్త్రీ బయటినుంచి తాళం వేసేవాడు. ఒక మధ్యాహ్నం ఆవిరి గొట్టం పగిలి, ఇస్త్రీ చేసే ముసలమ్మ ఒళ్లంతా కాలింది. లోపల మూడు వందల మంది తలుపు బాదుతూనే ఉన్నారు. తాళంచెవి వచ్చేసరికి అరగంట పట్టింది. ముసలమ్మ దక్కలేదు.

మర్నాడు సంఘం మీటింగు పెట్టింది. దుప్పట్లు మడతపెట్టే ఆమె కూడా వెళ్లింది. మాట్లాడింది మాత్రం ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురే. అందులో పెద్ద గొంతు ఆమె వదినది. సంఘానికి నాయకురాలు. రేపట్నించి సమ్మె, చేతులెత్తండి అంది. ముందువాళ్లను చూసి వెనకవాళ్లు ఎత్తారు. తెల్లారి చూస్తే గేటు బయట నిలబడింది ఇరవై మంది. మిగతావాళ్లు తల దించుకుని లోపలికి పోయారు.

పిరికిపందలని వదిన దుమ్మెత్తిపోసింది. లోపలికి పోయినవాళ్లలో మరదలూ ఉంది. సిగ్గు చంపుకుని ఆ సాయంత్రం వదిన ఇంటికెళ్లింది.

"మమ్మల్నెవరు అడిగారు వదినా? అంత మందిలో నాకు నోరు పెగలదు. మడతలు పెట్టే బల్ల దగ్గర ఆరుగురమే ఉంటాం. అక్కడైతే నన్నెవరూ ఆపలేరు."

"ఆరుగురేసి చీలిపోతే ఇంకేం సంఘమే?"

"చీలమనట్లేదు. ముందు మాట్లాడుకోనీ."

వదిన రుసరుసలాడుతూనే సరేనని సమ్మె ఆపింది. మూడు రోజులు ఏ బల్లవాళ్లు ఆ బల్ల దగ్గరే తర్జనభర్జన పడ్డారు. అలిగారు, ఒకచోట జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. ఇంట్లో ఒక్కరే పనిచేసేవాళ్లు సమ్మె తమవల్ల కాదని అప్పుడు నోరు తెరిచారు. సబ్బునీళ్లు కలిపే ఆమెకు నత్తి. మీటింగుల్లో ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్లు లేరు. తన బల్ల దగ్గర నింపాదిగా అంది:

"పని మానొద్దు. త... తలుపు పీకేద్దాం."

ఆ మాట బల్ల నుంచి బల్లకు పాకింది. కాదన్నవాళ్లతో ఇంకో రోజు వాదించారు. చివరికి బల్లకొకరు వచ్చి ఒప్పుకున్నామన్నారు.

మరునాడు పొద్దున్నే మేస్త్రీ చూస్తుండగానే బందులు ఊడదీసి, తలుపు తెచ్చి రోడ్డు మీద పడేశారు. వెంటనే ఎవరి పనిలోకి వాళ్లు పోయారు. పోలీసులు వచ్చి, ఇది ఎవరు చేయించిన పని అని అడిగారు. ఎవరూ చేతిలో పని ఆపలేదు. సమ్మెకు దిగినవాళ్ల పాత జాబితా చూసి వదినను జీపెక్కించారు.

షెడ్డు ఖాళీ అయింది. మూడు వందల మందీ స్టేషను ముందుకు చేరారు. ఇంత మందితో మాట్లాడలేను, ఐదుగురిని పంపండి అన్నాడు ఇన్‌స్పెక్టరు. వాళ్లు రోడ్డు మీదే ఆరుగురేసి కూర్చుని మాట్లాడుకున్నారు. పావుగంట గడిచింది. కానిస్టేబుళ్లకు చిరాకెత్తింది.

అప్పుడు మడతల ఆమె లేచి మెట్ల దగ్గరికి నడిచింది.

"ఐదుగురం రాం సార్. అందరం వస్తున్నాం."

ఆమె మొదటి మెట్టెక్కేసరికే వెనక అందరూ లేచారు.