టిక్కెట్టు మీద వేలిముద్ర

శుక్రవారం అంగడిలో ఆముదాలు అమ్మిన రైతు తిన్నగా ఇంటికి పోడు. ముందు షావుకారు దుకాణం మెట్లెక్కుతాడు. దేవరకొండ పల్లెల్లో ఇది ఎవరూ రాయని శాసనం.

కురుమయ్య కూడా ఆ శుక్రవారం అట్లాగే ఎక్కాడు. ధోవతి కొంగు ముడి విప్పి, డెబ్బై రెండు రూపాయలు వెంకటయ్య షావుకారు ముందు పెట్టాడు. షావుకారు నోట్లు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు. గుమస్తా ఏదో రాసి ఉన్న కాగితానికి సర్కారు రెవెన్యూ టిక్కెట్టు అంటించి సిరా డబ్బా ముందుకు జరిపాడు. కురుమయ్య ఎడమ బొటనవేలు అద్ది టిక్కెట్టు మీద వేశాడు. టిక్కెట్టు తాలూకు పది నయాపైసలు కూడా అతడే ఇచ్చుకున్నాడు.

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడు, బావికి రాతికట్టు కట్టించడానికి షావుకారు దగ్గర మూడు వందలు తెచ్చి, మూడెకరాల మెట్ట చెలక కుదువ పెట్టాడు. పట్టా కాగితం ఆనాడే షావుకారు పెట్టెలోకి పోయింది. అప్పటినుంచి ఏటేటా ఆముదాల డబ్బు కడుతూనే ఉన్నాడు. వేలిముద్ర వేసినప్పుడల్లా షావుకారు ఒకే మాట అనేవాడు:

"సర్కారు టిక్కెట్టు మీద పడ్డదిర నీ వేలు. ఇగ నీ పైసలకు పూచీ సర్కారుదే. ఫికర్ జెయ్యకు."

కురుమయ్య ఆ మాటను ఇంటికి మోసుకుపోయి భార్య గుర్వమ్మకు చెప్పేవాడు. ఈసారి ఆమే వెంట వచ్చింది.

"సావుకారీ, జర లెక్క జూడరాదు. బర్రె సచ్చిన ఏడు గూడ యాబై కట్టినం. పెద్దోనికి అమ్మవారు వోసిన ఏడు గూడ ఆపలే. ఇంకెంతున్నది? మా కాయితం ఎన్నడిస్తవు?"

షావుకారు ఆమెను చూడలేదు. కురుమయ్యను చూసి నవ్వాడు. "ఏందిర, నీ ఇంట్ల పటేలుగిరి గీమెదా? చెప్పకపోతివి! గుమస్తాను తీసేసి గీమెనే పెట్టుకుందు."

అరుగు మీద ఉన్న రైతులంతా నవ్వారు. ఏం చేయాలో తోచక కురుమయ్య కూడా నవ్వాడు.

"శుక్రారం పూట పద్దు బుక్కు ఇప్పితె లచ్చిమి ఎల్లిపోతదమ్మా. గింత తెల్వదా?" అన్నాడు షావుకారు.

పైసలు తీసుకోవడానికి శుక్రవారం అడ్డురాలేదు, లెక్క చెప్పడానికే అడ్డు వచ్చింది. పల్లెవాళ్ళు వచ్చేదేమో శుక్రవారమే, తక్కిన ఆరు దినాలు ఎవరి చేనులో వాళ్ళుంటారు. ఈ సంగతి లక్ష్మికి తెలుసో లేదో గాని, షావుకారుకు బాగా తెలుసు.

గుర్వమ్మ పోరు పడలేక కురుమయ్య సోమవారం పని చెడగొట్టుకుని మూడు కోసులు నడిచిపోయాడు. దుకాణంలో షావుకారు తప్ప ఇంకెవరూ లేరు. లెక్క అడిగాడు.

"మీ నాయిన ముప్పై ఏండ్లు నా గడప తొక్కిండు. ఒక్కనాడన్న లెక్క జూపుమన్నడా? నేను దొంగోని తీరు కనపడుతున్ననార నీకు?"

మా పల్లెల్లో లెక్క అడగడమంటే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టే. కురుమయ్య తల వంగిపోయింది. "తప్పయింది సావుకారీ" అని వెనక్కి తిరిగాడు. లెక్క చెప్పవలసినవాడు చెప్పలేదు. అడగడానికి పోయినవాడు తప్పు ఒప్పుకుని వచ్చాడు.

ఉగాది దాటి పది దినాలకు, షావుకారు బాకీకి దావా వేశాడని కోర్టు జవాను కాగితం తెచ్చాడు. మొగుడూ పెళ్ళాం దేవరకొండకు పోయి ఒక ముసలి వకీలును పట్టుకున్నారు. ఆయన కోర్టులో ఉన్న కాగితాలన్నీ చూసి వచ్చి, కళ్ళద్దాలు తీశాడు.

"మొదటి మూడొందలు గాక, ఏటా ఒక్కపారి మల్ల అప్పు తెచ్చుకున్నట్టు ఏడు ప్రామిసరీ నోట్లున్నయి. మిత్తితోని పన్నెండొందలు దాటింది."

"తెచ్చుకున్ననా? ఇచ్చిన గద సారూ!"

"టిక్కెట్ల మీద వేలు నీదేనా?"

"నాదే. ఇచ్చినప్పుడల్ల ఏసిన."

"ఇచ్చేటోడు వేలెందుకేస్తడయ్యా? ముట్టిందని తీసుకున్నోడు గద రాసియ్యాలె!"

కురుమయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. గుర్వమ్మే అంది: "పైసలు ఎవ్వలిచ్చిండ్రో ఎరుకవడాలంటె, ఇచ్చినోని గురుతే ఉండాలె గద అనుకున్నం సారూ."

వకీలు మెల్లగా అన్నాడు: "అప్పిచ్చినోడు ముట్టిన ప్రతి పైసకు రసీదియ్యాలె. ఏటేటా లెక్క రాసి చేతికియ్యాలె. గట్లని చట్టమున్నదమ్మా."

"ఉంటె మాకెవ్వలు జెప్పిండ్రు?"



వ్యాజ్యం ఏడాది నడిచింది. వేలిముద్రలు నీవేనా అని జడ్జి అడిగితే కురుమయ్య అవునన్నాడు, అబద్ధం చెప్పడం రాలేదు. ఆనాడు అరుగు మీద నవ్విన రైతుల్లో ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు. వాళ్ళ కాగితాలూ అదే పెట్టెలో ఉన్నాయి మరి. చెలకను వేలం వేయమని తీర్పయింది, వేలంలో షావుకారే దాన్ని పాడుకున్నాడు.

శ్రావణంలో జవాను వచ్చి చెలకకు హద్దులు చూపించి షావుకారుకు అప్పగించాడు. ఆముదపు మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. కురుమయ్య గట్టు మీద కూలబడ్డాడు. గుర్వమ్మ షావుకారుకు ఎదురుగా పోయి నిలబడింది.

"భూమి ఎట్లనో పాయె. ఇప్పుడన్న బుక్కు ఇప్పు. ఏడేండ్లు మేమెంతిచ్చినమో ఒక్కపారి ఇనాలె."

"బాకీ తీరిపాయె గదా," అన్నాడు షావుకారు గొడుగు సర్దుకుంటూ. "ఇగ లెక్కతోని పనేమున్నది?"

చదువుతున్న పెద్దలారా! కుదువ పట్టినంత మాత్రాన భూమి వాడిదైపోదు. ఎంత ముట్టింది, ఎంత మిగిలింది, కాగితం ఎక్కడున్నదన్నది రైతు చేతులు కట్టుకుని అడుక్కోవలసిన భిక్షమా? పిలిచి చూపడం అప్పిచ్చినవాడి విధి. వాడు చూపడు, నాకు తెలుసు. అందుకే మీ ఊళ్ళో చదువురాని ప్రతి ఇంటికీ పోయి ఈ ఒక్క ముక్క చెప్పండి: పైసలిచ్చిన చేతికి కాగితం రావాలె, ముద్ర వేయవలసింది తీసుకున్న చెయ్యి.