మంచం పక్కన మీట

మా ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు వైర్‌మన్‌గా చేశాడు. ఎన్ని స్తంభాలెక్కినా ఏ రోజుకారోజు రెండు చేతులతో ఇంటికొచ్చిన మనిషి. అలాంటివాడికి పక్షవాతం వచ్చి మాటా, కుడిచెయ్యీ పడిపోయాయి. ఆ చేతివేళ్ళు ముడుచుకుంటాయేగానీ వాటంతటవి తెరుచుకోవు. నోట్లో "ఊఁ" ఒక్కటే మిగిలింది. ఆ ఊఁ ఔననా, కాదనా అని పోల్చుకోవడమే నా ఉద్యోగం.

ఆయన పడుకునే నడిమి గదికి కిటికీ లేదు. పట్టపగలే దీపం వెయ్యాలి. గోడ స్విచ్చు అందదు, నన్ను పిలుద్దామంటే మాట లేదు. చీకట్లో కళ్ళు తెరుచుకుని అలా పడుంటాడని తెలిసి మా అల్లుడి మనసు కరిగింది. రేడియోలు విప్పి బిగించడమంటే అతనికి పిచ్చి. సబ్బుపెట్టంత డబ్బా ఒకటి తయారుచేసి గోడకి బిగించాడు. దాన్నుంచి దారంలాంటి వైర్లు మంచందాకా లాగి, చివర ఇత్తడి మీట పెట్టాడు.

"ఈ వైర్లో ఐదు వోల్టులే అత్తయ్యా, నాలిక మీద పెట్టుకున్నా ఏం కాదు. మీట నొక్కితే డబ్బాలో రిలే టక్కుమని అటువైపు అసలు కరెంటుని కలుపుతుంది. ఇటువైపు వైర్లూ అటువైపు వైర్లూ ఒకదాన్నొకటి ముట్టుకోనే ముట్టుకోవు."

"ఒకే ఇంట్లో ఉండి మొహాలు చూసుకోని తోడికోడళ్ళన్నమాట," అన్నాను. మా ఆయన కూడా నవ్వాడు, సగం మూతితో.

పది రోజులు ఎడమచేత్తో ఒకటే నొక్కుడు. దీపం వెయ్యడం, ఆర్పడం. "బల్బు ప్రాణం తీస్తున్నావు నాన్నా!" అని మా అమ్మాయి కసిరేది.

పదకొండో రోజు డబ్బాలోంచి కాలిన వాసనొచ్చింది. లోపల కరెంటుని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ మాడిందట. అల్లుడు వేరే ఏదో చిన్న ముక్క వేసి సాయంత్రానికల్లా బాగుచేశాడు. దీపం ఎప్పటిలాగే వెలిగింది.

మర్నాడు పొద్దున చెమ్మగోడకి ఆనుకుని కూర్చున్న మా ఆయన ఎడమచెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక వైపు మీటకి ఆనించి, చటుక్కున లాక్కున్నాడు. దోమ కుట్టిందేమో అనుకున్నాను. ఇక ఆ రోజునుంచీ మీట దగ్గర పెడితే చాలు, దుప్పటితో నెట్టెయ్యడం, నా వైపు చూసి "ఊఁ! ఊఁ!" అనడం.

"మామయ్యకి నా పని నచ్చలేదు," అని అల్లుడు చిన్నబుచ్చుకున్నాడు.

"నచ్చకపోవడమేంటి, మొండితనం! కుడిచేతికి కట్టేద్దాం అమ్మా. అలవాటూ తప్పదు, వేళ్ళకి కసరత్తూ అవుతుంది," అంది మా అమ్మాయి.

నాలుగోరోజు కట్టాను. ఆయన్ని మంచం మధ్యలో పడుకోబెట్టి, అల్లుడు మెయిన్ ఆపి మీట ఊగకుండా సరిచేస్తుంటే, నేను దాన్ని కుడి అరచేతిలో పెట్టి, పాత చీర అంచు చుట్టి మూడు ముళ్ళు వేశాను. వేళ్ళు దాన్ని పట్టేసుకున్నాయి. అల్లుడు వెళ్ళి మళ్ళీ మెయిన్ వేశాడు. ఫ్యాను తిరిగింది. ఆయన కదలకుండా మంచం పక్కకే చూస్తున్నాడు. ఫ్యాను కిందే నుదురంతా చెమట.

అది ఒళ్ళు తుడిచే వేళ. వేణ్ణీళ్ళ గిన్నె తెచ్చి మంచం పక్కన పెట్టానో లేదో, ఎడమకాలితో ఒక్క తన్ను తన్నాడు. నీళ్ళన్నీ నా పాదాల మీదా, గచ్చు మీదా.

"చూశావా ఆ కోపం!" అంది అమ్మాయి గుమ్మంలోంచి.

"ఇంత వయసొచ్చినా బుద్ధి రాలేదు," అని నవ్వుతూ తడిగుడ్డతో కుడిచేతివైపు వంగాను. ఆయన ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. వెనక వైపు నాకు చూపిస్తూ.

అక్కడ ఆగిపోయాను. కాపురానికొచ్చిన కొత్తలో ఆయన నాకు నేర్పిన మొదటి సంగతి అది. "తెలియని ఇనుముని చేతి వెనక వైపుతో చూడు. కరెంటుంటే చెయ్యి ముడుచుకుని ఇటే వచ్చేస్తుంది. అరచేత్తో ముట్టుకున్నావో, పట్టుకున్నది ఇక వదలదు."

నాలుగు రోజులుగా మాటల్లేకుండా ఆ మాటే చెబుతున్నాడు.

మేకుకి వేలాడుతున్న ఆయన పనిసంచీలోంచి టెస్టరు తెచ్చి, పిడికిట్లోంచి కనిపిస్తున్న మీట అంచుకి ఆనించాను. ఎర్రగా వెలిగింది.

"అయ్యో!" అంటూ ముడి మీదికి చెయ్యి చాపాను.

"అత్తయ్యా, ముట్టుకోకండి!" ఆ గొంతు మా అల్లుడిదేనా అనిపించింది. అతను మెయిన్ దగ్గరికి ఉరికాడు. ఫ్యాను మెల్లగా ఆగింది.

అతను వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. "ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే డబ్బా మూత పట్టడం లేదని, అది లేని ముక్క వేశాను. రెండువైపులకీ మధ్యనున్న గోడ నేనే తీసేశాను. ఐదు వోల్టులే అనుకున్నాను అత్తయ్యా. ఆ ఐదూ మెయిన్ కరెంటు నెత్తినెక్కి కూర్చున్నాయి."

"మరి ఆయనకేం కాలేదేం?"

"చెక్క మంచం, పొడి పరుపు. కరెంటుకి దారి లేదు. మీరు తడికాళ్ళతో నిలబడి ఆయన్ని ముట్టుకుంటే..."

ఆయన మీట కేసి చూస్తున్నాడనే అనుకున్నాను ఇంతసేపూ. చూసింది నా కాళ్ళకేసి.

ముళ్ళు బిగుసుకుపోయాయి, గోళ్ళకి లొంగలేదు. వంగి పళ్ళతో విప్పుతుంటే, ఆయన ఎడమచేత్తో నా నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు. గట్టిగానే వేశాడు.